వాదనాత్మక వ్యాసంలో ఎదుటి పక్షం: ఎంపిక నుంచి సమాధానం దాకా

వాదనాత్మక వ్యాసం రాసేవారిలో చాలామందికి సొంత అభిప్రాయం చెప్పడం కష్టం కాదు. ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోని మనిషి మాటను వ్యాసంలోకి ఎలా తీసుకురావాలి, తెచ్చిన తర్వాత దానికి ఎలా బదులు చెప్పాలి అన్న చోటే కలం ఆగుతుంది. కొందరు ఆ మాట జోలికే పోరు. మరికొందరు ఒక వాక్యంలో ప్రస్తావించి మరుసటి వాక్యంలో కొట్టిపారేస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు, గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థులు రాసిన వ్యాసాలు దిద్దుతున్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. భాషాదోషాలు రెండు మూడు సార్లు దిద్దితే పోతాయి. ఎదుటివాడి మాట వినకుండా రాసే అలవాటు మాత్రం పద్ధతి తెలిస్తే తప్ప పోదు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మన శాస్త్ర గ్రంథాల్లో ముందుగా విషయాన్ని చెప్పి, దానిమీద సందేహాన్ని లేవనెత్తి, పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి వాదాన్ని, దాని పూర్తి బలంతో నిలబెట్టి, ఆ తర్వాతే సిద్ధాంతానికి వస్తారు. న్యాయ దర్శనం చర్చను మూడు రకాలుగా విడదీసింది: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ స్థాపించకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడానికి మాత్రమే చేసేది వితండ. పరీక్షలో రాసినా, పత్రికకు రాసినా, వ్యాసానికి కావలసింది మొదటి రకం. ఈ మార్గదర్శి చెప్పే ప్రధానమైన మాట కూడా ఒక్కటే: ఎదుటి వాదాన్ని దాన్ని నమ్మేవాడు చదివి "అవును, నేను చెప్పేది ఇదే" అని ఒప్పుకునేలా రాయాలి, ఆ వాదంలో నిజమున్నంత మేరకు మన ప్రతిపాదనను సవరించుకోవాలి.

అడుగులన్నిటినీ ఒకే ఉదాహరణతో చూపిస్తాను. వ్యాస విషయం మన ప్రాంతానిదే: యాసంగిలో (రబీలో) వరి సాగు తగ్గించాలా, వద్దా?

మొదటి అడుగు: మీ ప్రతిపాదనను హద్దులతో సహా ఒక వాక్యంలో రాయండి

"వరి సాగు తగ్గించాలి" అన్నది ప్రతిపాదన కాదు, నినాదం. ఆ మాట వినగానే సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వ్యవసాయం చేసే రైతు, నీళ్ళు నిలిచే తన పొలంలో మరో పంట ఎలా పండుతుందని అడుగుతాడు. అతను అడిగింది సబబే, కాని మీరు చెప్పదలచుకున్నది అతని పొలం గురించి కాకపోవచ్చు. అందువల్ల వాక్యాన్ని ఇలా బిగించాలి: "నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బోరుబావుల కింద యాసంగిలో వరి విస్తీర్ణాన్ని తగ్గించి తక్కువ తడులతో పండే ఆరుతడి పంటలకు మారాలి." ఏ ప్రాంతం, ఏ నీటి వనరు, ఏ కాలం, ఏ మార్పు అన్న నాలుగూ ఈ వాక్యంలో ఉన్నాయి. హద్దులు ఇంత స్పష్టంగా ఉంటే, అసలు మీకు సంబంధం లేని అభ్యంతరాలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి, మిగిలినవి మాత్రమే మీరు నిజంగా బదులు చెప్పవలసినవి.

రెండో అడుగు: అభ్యంతరాలను వాటిని నమ్మేవాళ్ళ నోటనే వినండి

విద్యార్థులు ఎక్కువగా దాటవేసేది ఈ అడుగునే. గదిలో కూర్చుని "ఎదుటివాళ్ళు ఏమంటారు?" అని ఊహిస్తే మనసుకు తట్టేది సాధారణంగా అన్నిటికంటే బలహీనమైన వాదమే, ఎందుకంటే దాన్ని ఊహిస్తున్నవాడు దాన్ని నమ్మడం లేదు. వరి మీద రాసిన వ్యాసాల్లో "రైతులకు అవగాహన లేదు" అన్న వాక్యం తరచుగా రావడానికి కారణం ఇదే. వరి వేసే రైతు దగ్గరికి, వడ్ల కొనుగోలు కేంద్రమైన ఐకేపీ సెంటర్‌లో వడ్లు ఆరబోసుకుని కాంటా కోసం ఎదురుచూస్తున్న కుటుంబం దగ్గరికి వెళ్ళి అడిగి చూడండి. అక్కడ వినిపించే కారణాలు వేరే ఉంటాయి.

వడ్లకు ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించి ఊరుకోదు, ఊరి దాపులోనే కొనుగోలు కేంద్రం తెరుస్తుంది. 2025-26 సీజన్‌కు సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. తాలు పేరిట, తరుగు పేరిట కొంత పోయినా, చేతికి ఎంత వస్తుందో రైతుకు ముందే ఒక అంచనా ఉంటుంది. పల్లికి, పెసర్లకు కూడా మద్దతు ధర ఉంటుంది గాని వడ్లకు జరిగినంత విస్తారంగా కొనుగోలు జరగదు. వరి కోతకు హార్వెస్టర్ వస్తుంది, పూటలో పని అయిపోతుంది. పల్లి పీకి కాయ తెంపాలంటే కూలీలు కావాలి. మక్క, పల్లి వేస్తే కోతులు, అడవిపందులు మిగలనివ్వవని దాదాపు ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. వరి గడ్డి పశువులకు పనికొస్తుంది. ఇంట్లో తినడానికి బియ్యం ఉంటాయి. వీటిలో అవగాహన లేకపోవడం వల్ల పుట్టిన కారణం ఒక్కటీ లేదు.

విన్నవాటిని కాగితం మీద రాసుకున్న తర్వాత ఒక్కొక్క అభ్యంతరం దేని గురించో గుర్తించండి. "మద్దతు ధరకు కొనేది వడ్లనే" అన్నది వాస్తవానికి సంబంధించింది, కాబట్టి దాన్ని సరిచూడవచ్చు. "కూలీలు దొరకరు" అన్నది ఆచరణకు సంబంధించింది, దానికి బదులు ఏర్పాటు రూపంలో ఉండాలి. "నా భూమిలో ఏం వేయాలో నేనే నిర్ణయించుకుంటాను" అన్నది విలువకు సంబంధించింది, దానికి గణాంకాలు ఎన్ని చూపినా బదులు కాదు. ఏ రకం అభ్యంతరానికి ఏ రకం బదులు కావాలో ఈ దశలోనే తేల్చుకోకపోతే, స్వేచ్ఛ గురించి అడిగినవాడికి నీటి లెక్కలు అప్పజెప్పి, బదులు చెప్పామనుకునే ప్రమాదం ఉంది.

మూడో అడుగు: ఒకటో రెండో ఎంచుకోండి, బలమైనవే ఎంచుకోండి

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు, మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, అంటే ఒక్కో వ్యాసానికి గంట. సివిల్స్ ఎస్సే పేపరులో అంతే సమయంలో రెండు వ్యాసాలు. ఆ గంటలో అయిదారు అభ్యంతరాలను ప్రస్తావిస్తే ఒక్కదానికీ సరైన బదులు రాయలేరు. వెయ్యి పదాల వ్యాసంలో రెండు అభ్యంతరాలు చాలు, అయిదు వందల పదాల్లో ఒక్కటే చాలు.

ఎంపికకు కొలత ఇది: ఏ అభ్యంతరం నిజమైతే మీ ప్రతిపాదన కుప్పకూలుతుందో దాన్ని ఎంచుకోవాలి. మన ఉదాహరణలో అది కొనుగోలు హామీ. గడ్డి సంగతికి బదులు సులువుగా దొరుకుతుంది కాబట్టి దాన్ని ఎంచుకోవాలని మనసు లాగుతుంది. కాని జవాబుపత్రం దిద్దే పరీక్షకుడు ఈ ప్రాంతంవాడైతే, అసలు ప్రశ్నను వదిలి గడ్డి దగ్గర ఆగారని వెంటనే పసిగడతాడు. మనకు నిద్రపట్టనివ్వని అభ్యంతరం ఏదో, వ్యాసంలో ఉండవలసింది అదే.

నాలుగో అడుగు: ఎదుటి వాదాన్ని న్యాయంగా, దాని బలంతో సహా చెప్పండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. వ్యాసం నిలబడేదీ పడిపోయేదీ ఈ చోటే. సాధారణంగా కనిపించే పేరా ఒకటి, నమూనాగా:

"కొందరు రైతులు వరి తప్ప మరో పంట వేయలేమని వాపోతుంటారు. ఇది పూర్తిగా అవగాహనా రాహిత్యం. ఇతర రాష్ట్రాల రైతులు రకరకాల పంటలు వేసి లక్షలు గడిస్తుంటే మన రైతులు మాత్రం మూస పద్ధతిని వదలడం లేదు. కాబట్టి ఈ వాదనలో పస లేదు."

ఇందులో ఏం లోపించిందో చూడండి. రైతు "వేయలేం" అన్నాడే గాని, ఎందుకు వేయలేడో పేరాలో ఎక్కడా లేదు. కారణం చెప్పకుండా నిర్ణయం మాత్రం చెబితే ఎవరి మాటైనా మొండితనంగానే కనిపిస్తుంది. "వాపోతుంటారు" అన్న క్రియ అతని మాటను వాదంగా కాక ఏడుపుగా మార్చేసింది. రెండో వాక్యం మాటను వదిలి మనిషిని విమర్శించింది. మూడో వాక్యంలోని "ఇతర రాష్ట్రాలు", "లక్షలు" ఏ రాష్ట్రమో, ఏ పంటో, ఎన్నో చెప్పని మాటలు. నాలుగో వాక్యం తీర్పు ఇచ్చింది గాని విచారణ జరగలేదు. ఈ పేరా చదివిన రైతు కొడుకు, మన తరగతుల్లో సగంమంది వాళ్ళే, తన తండ్రి చెప్పింది ఇది కాదనుకుని అక్కడితో వ్యాసం మీద నమ్మకం వదులుకుంటాడు.

అదే పేరాను మళ్ళీ రాస్తే ఇలా ఉండవచ్చు:

"బోరు కింద వరి వేసే రైతు ఆ నిర్ణయాన్ని లెక్క వేసుకునే తీసుకుంటాడు. వడ్లకు మద్దతు ధరతో పాటు ఊరి దాపులోనే కొనుగోలు కేంద్రం ఉంది. పల్లికి, పెసర్లకు మద్దతు ధర ప్రకటించినా ఎక్కువసార్లు రైతే మార్కెట్ యార్డుకు తీసుకుపోయి ఆ రోజు పలికిన ధరకు అమ్ముకోవాలి. వరి కోతకు యంత్రం ఉంది, పల్లి పీకడానికి కూలీలు కావాలి, వాళ్ళు దొరకడం కష్టమవుతోంది. ఒక్క ఏడాది పంట పోతే అప్పు తీర్చడానికి మూడేళ్ళు పట్టే కుటుంబం, లాభం ఎక్కువున్న పంటను కాక నష్టభయం తక్కువున్న పంటను ఎంచుకోవడం సహజం."

రెండో పేరాలో రచయిత తన పక్షాన ఒక్క మాటా అనలేదు. అయినా వ్యాసం బలహీనపడలేదు, ఎందుకంటే ఇంత తెలిసినవాడు ఏం బదులు చెబుతాడోనన్న ఆసక్తి చదివేవారిలో మొదలైంది. పేరా రాయడం అయ్యాక దాన్ని ఎదుటి అభిప్రాయం ఉన్న ఒక్కరికైనా చదివి వినిపించండి. "ఇంకొకటి మరిచిపోయావు" అని వాళ్ళు అన్నారంటే అది చేర్చండి. పరీక్ష గదిలో ఆ అవకాశం ఉండదు కాబట్టే ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు ఈ అలవాటు చేసుకోవాలి.

ఐదో అడుగు: బదులు చెప్పండి, నాలుగు దారుల్లో ఏదో తేల్చుకుని చెప్పండి

మొదటి దారి, ఎదుటివాడు వాస్తవమని చెప్పింది వాస్తవం కాదని ఆధారాలతో చూపడం. దీనికి మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. తెలంగాణలో తెలుగు కవులు లేనేలేరన్న అర్థంలో ఒక ఆక్షేపణ వచ్చినప్పుడు, పాలమూరు గడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఆ మాట అన్నవారిని నిందించడంతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. "లేరు" అన్న మాటకు "ఉన్నారు" అని గట్టిగా అరవడం బదులు కాదు. ఎవరున్నారో, ఎక్కడున్నారో, ఏం రాశారో ముందు పెట్టడమే బదులు. వాస్తవం మీద తగాదా వచ్చినప్పుడు విద్యార్థి గుర్తుంచుకోవలసిన నమూనా ఇది.

రెండో దారి, ఎదుటివాడు చెప్పిన వాస్తవం సరైనదే, కాని అతను దాని నుంచి తీసిన ముగింపు రాదని చూపడం. నల్లమల యురేనియం చర్చ దీనికి తగిన ఉదాహరణ. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకోవడం, దానిమీద ఉద్యమం రావడం, ఆ సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ వ్యతిరేక తీర్మానం చేయడం మనకు తెలిసినవే. తవ్వకాలను సమర్థించేవారి బలమైన వాదం ఇది: అణు విద్యుత్తు బొగ్గు విద్యుత్తు కంటే చాలా తక్కువ కర్బన ఉద్గారాలతో వస్తుంది, దేశానికి యురేనియం అవసరం ఉంది. ఈ రెండూ నిజాలే, వాటిని కాదనబోతే వ్యాసం అబద్ధమాడుతుంది. కాని దేశానికి యురేనియం కావాలన్నంత మాత్రాన చెంచులు బతుకుతున్న, పులులు తిరుగుతున్న, కృష్ణా నదికి ఆనుకుని ఉన్న ఆ అడవిలోనే తవ్వాలన్నది తేలదు. అవసరాన్ని ఒప్పుకుని, స్థలాన్ని ప్రశ్నించడం ఇక్కడి బదులు. "ఇది సర్వే మాత్రమే, తవ్వకం కాదు" అన్న మరో వాదానికి కూడా ఇలాగే బదులు చెప్పవచ్చు: సర్వేకు కూడా అడవిలో బోర్లు వేయాలి, యంత్రాలు వెళ్ళడానికి దారులు కావాలి, పైగా తవ్వే ఉద్దేశం లేని చోట నిల్వలు వెతకడానికి కారణం ఉండదు.

మూడో దారి, వాస్తవమూ నిజమే, ముగింపూ సమంజసమే, కాని దానికంటే బరువైనది మరొకటి ఉందని చూపడం. బోరు కింద వరి విషయంలో నేను ఎంచుకునే దారి ముఖ్యంగా ఇదే. ఆ బదులు పేరా ఇలా మొదలవుతుంది:

"రైతు వేసుకున్న లెక్క సరైనదే, అయితే ఆ లెక్కలోకి రాని ఖర్చు ఒకటి ఉంది, అది నీరు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చాక బోరు తోడిన నీటికి బిల్లు రాదు. కాని భూగర్భ జలమట్టం పడిపోయి బోరు వట్టిపోయిన ఏడాది, కొత్త బోరు వేయడానికి చేసే అప్పు రూపంలో అదే ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలసిన చోట పల్లికి దాదాపు అందులో సగం సరిపోతుంది."

ఈ పేరా రైతును తప్పుపట్టలేదు. అతని లెక్కకు ఒక పద్దు చేర్చింది, అంతే.

నాలుగో దారి, ఎదుటివాడు చెప్పినదాన్ని ఒప్పుకుని మన ప్రతిపాదననే సవరించుకోవడం. ఇది ఓటమి అని భావించి చాలామంది ఈ దారిని మూసేసుకుంటారు. నా దృష్టిలో మాత్రం పరిణతి గల వ్యాసానికి గుర్తు ఇదే. కొనుగోలు హామీ గురించిన అభ్యంతరానికి పూర్తి బదులు మన దగ్గర లేదు కాబట్టి, ప్రతిపాదన ఇలా మారుతుంది: "ఆరుతడి పంటలకు కూడా వడ్లతో సమానంగా ఊరి దాపులో కొనుగోలు ఏర్పాటు చేసిన మండలాల్లో, బోరుబావుల కింద యాసంగి వరిని దశలవారీగా తగ్గించాలి." మొదటి అడుగులో రాసుకున్న వాక్యం కంటే ఇది చిన్న కోరికే. కాని దాన్ని నిలబెట్టగలం, అమలు చేయమని అడగగలం. ఎదుటి పక్షాన్ని శ్రద్ధగా విన్నందుకు దక్కిన ఫలితం ఈ సవరణ.

ఆధారాలు ఎంచుకునేటప్పుడు ఒక నియమం తప్పకుండా పాటించాలి: మనకు అనుకూలమైన సగం చెప్పి మిగతా సగం దాచకూడదు. యాసంగి వడ్లను మర పట్టించినప్పుడు ఎండల తీవ్రత వల్ల గింజ ఎక్కువగా విరిగి నూక అవుతుంది, అందుకే వాటిని ఉప్పుడు బియ్యంగా మార్చేవారు. 2021లో కేంద్రం ఇకపై ఉప్పుడు బియ్యం తీసుకోబోమని చెప్పడంతో యాసంగి వడ్ల కొనుగోలు పెద్ద వివాదమైంది, రాష్ట్ర ప్రభుత్వమే వరి వేయవద్దని రైతులకు చెప్పింది. కొనుగోలు హామీ శాశ్వతం కాదని నిరూపించడానికి ఇది పనికొచ్చే వాస్తవం. కాని 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం చివరకు ఆ వడ్లను కొనాలని నిర్ణయించిన సంగతి కూడా అంతే నిజం. మొదటిది రాసి రెండోది వదిలేస్తే, ఆ ఏడాది వడ్లు అమ్ముకున్న ప్రతి రైతుకూ మన వ్యాసం అబద్ధంగా కనిపిస్తుంది. రెండూ చెప్పి, "హామీ నిలిచింది, కాని రైతు నారు పోసే నాటికి అది నిలుస్తుందో లేదో తెలియని స్థితి వచ్చింది" అని రాస్తే వాదన నిజానికి మరింత బలపడుతుంది.

ఆరో అడుగు: ఎదుటి వాదాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించండి

దీనికి స్థిరమైన నియమం లేదు, చదివేవాళ్ళను బట్టి మారుతుంది. చదివేవాళ్ళలో ఎక్కువమంది మీ ప్రతిపాదనకు ముందే వ్యతిరేకులైతే ఎదుటి వాదాన్ని మొదటనే పెట్టాలి, లేకపోతే వాళ్ళ మనసులోని ప్రశ్న వ్యాసమంతా వెంటాడుతూ మీ మాట విననివ్వదు. విషయం మీద ఇంకా ఏ అభిప్రాయమూ లేని పాఠకులైతే ముందు మీ కారణాలు చెప్పి, ముగింపుకు ముందు అభ్యంతరాన్ని తీసుకోవచ్చు. పరీక్ష వ్యాసానికి ఎక్కువగా సరిపోయేది ఈ రెండో క్రమమే. ప్రతి కారణానికీ దానిదైన అభ్యంతరం విడిగా ఉంటే, కారణం వెంటనే అభ్యంతరం, దాని వెంటనే బదులు పెట్టుకుంటూ పోవచ్చు గాని, చేయి తిరగని వాళ్ళ చేతిలో ఈ క్రమం తగవులా మారుతుంది. ఎక్కడ పెట్టినా సరే, చిట్టచివరి పేరాలో మాత్రం కొత్త అభ్యంతరాన్ని తీసుకురాకండి, దానికి బదులు చెప్పే చోటు అక్కడ ఉండదు.

ఏడో అడుగు: మాట్లాడుతున్నది ఎవరో ప్రతి వాక్యంలో తెలిసేలా రాయండి

తెలుగు వాక్యంలో "అని అంటారు" చివర వస్తుంది. అందువల్ల ఎదుటి వాదం నాలుగు పంక్తులు సాగితే, ఆ నాలుగు పంక్తులూ మీ అభిప్రాయమే అనుకుంటూ చదివినవాడు చివరకు వచ్చి తడబడతాడు. ఒక్కోసారి పరీక్షకుడు ఆ చివరి మాట గమనించకుండా, అభ్యర్థి తనకు తానే విరుద్ధంగా రాశాడని మార్కులు తగ్గించే అవకాశమూ ఉంది. కాబట్టి వాదం ఎవరిదో ముందే చెప్పాలి: "వరిని సమర్థించే రైతులు చూపే మొదటి కారణం కొనుగోలు హామీ. వారి లెక్క ప్రకారం..." అని ఎత్తుకుంటే తర్వాతి వాక్యాలన్నీ ఎవరివో స్పష్టంగా ఉంటుంది. అదే విధంగా ఎదుటి వాదం ముగిసి మీ మాట మొదలైన చోటు కూడా తెలియాలి. "ఈ కారణాల్లో నిజముంది. అయినా..." అన్న ఒక్క చిన్న వాక్యం ఆ పని చేస్తుంది. వీలైతే అక్కడే పేరా మార్చండి.

ఒప్పుకోలుకూ బదులుకూ తగిన వాక్య నిర్మాణాలు మన భాషలో పుష్కలంగా ఉన్నాయి. "కూలీల కొరత ఉన్న మాట నిజమే గాని", "ధర నిలకడగా ఉన్నప్పటికీ", "అవసరం ఉన్నంత మాత్రాన అనుమతి ఇవ్వాలని కాదు", "ఇది కొంతవరకు సబబే, ఎంతవరకంటే..." వంటివి సాధన చేయండి. వీటిలో చివరిదాన్ని నేను ప్రత్యేకంగా ఇష్టపడతాను, ఎందుకంటే అది రచయితను హద్దు గీయక తప్పని స్థితిలో పెడుతుంది. ఎదుటివారి మాటను ప్రస్తావించే క్రియల్లో "చెబుతారు", "వాదిస్తారు", "గుర్తు చేస్తారు", "ప్రశ్నిస్తారు" అన్నవి వాడండి. "దబాయిస్తారు", "బుకాయిస్తారు", "గగ్గోలు పెడతారు" అన్నవి విచారణకు ముందే తీర్పు చెప్పేస్తాయి. "కొందరు" అన్న మాటను కూడా తగ్గించండి. ఆ కొందరు రైతులా, మిల్లర్లా, వ్యవసాయ అధికారులా అన్నది చెబితే వాదానికి ముఖం వస్తుంది, దానికి తగిన బదులూ తడుతుంది.

సామెతల విషయంలో ఒక హెచ్చరిక. సామెత వాదనను గుర్తుండేలా చేయగలదు గాని నిరూపించలేదు. ఎదుటివాడి కారణానికి సామెతతో బదులు చెప్పి ముందుకు సాగితే అక్కడ ఖాళీ మిగిలిపోతుంది, పైగా దాదాపు ప్రతి సామెతకూ ఎదురు సామెత దొరుకుతుంది. "ఇది ఎంతవరకు న్యాయం?" "దీనికి బాధ్యులెవరు?" వంటి ప్రశ్నలు కూడా ఇలాంటివే. సభలో చప్పట్లు తెచ్చే ప్రశ్న కాగితం మీద బదులు లేని ప్రశ్నగా మిగులుతుంది. ప్రశ్న వేస్తే తర్వాతి వాక్యంలో దానికి జవాబు ఉండాలి.

ఒప్పుకోలు హద్దు దాటడం మరో రకం ప్రమాదం. ఎదుటి వాదానికి రెండు పేరాలు, బదులుకు రెండు వాక్యాలు కేటాయిస్తే వ్యాసం మీ చేతిలోంచి జారిపోతుంది. అభ్యంతరానికి ఎన్ని వాక్యాలు ఇచ్చారో, బదులుకు అంతకు తగ్గకుండా, వీలైతే కాస్త ఎక్కువగా ఇవ్వండి. "రెండు వైపులా నిజముంది, కాలమే నిర్ణయిస్తుంది" అని ముగించడం కూడా ఈ కోవలోనిదే. వాదనాత్మక వ్యాసం అడిగేది మీ నిర్ణయాన్ని. ఎదుటివాడిని విన్న తర్వాత కూడా మీరు ఎటువైపు ఉన్నారో, ఎందుకున్నారో చెప్పకుండా తప్పుకోవడం కుదరదు.

ఎనిమిదో అడుగు: ఎదుటి పక్షంవాడిగా ఒకసారి చదవండి

రాసింది ఒక పూట పక్కన పెట్టి, మీ అభిప్రాయాన్ని బొత్తిగా ఒప్పుకోని మనిషి కళ్ళతో మొదటి నుంచి చదవండి. నా కారణం చెప్పాడా, నా నిర్ణయం మాత్రమే చెప్పాడా? నేను అడిగినదానికే బదులిచ్చాడా, పక్కనున్నదానికి ఇచ్చాడా? నన్ను కించపరిచే విశేషణం ఎక్కడైనా ఉందా? నాకు అనుకూలమైన వాస్తవం ఏదైనా దాచాడా? ఒక్కో ప్రశ్నకు తగిలిన వాక్యం కింద గీత గీసి, ఆ వాక్యాలను మాత్రమే మళ్ళీ రాయండి. తర్వాత వ్యాసం మొదట్లో ఉన్న ప్రతిపాదన వాక్యాన్ని, చివరి పేరాలో ఉన్న ప్రతిపాదన వాక్యాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో అభ్యంతరాన్ని ఒప్పుకుని హద్దు తగ్గించుకున్న తర్వాత కూడా మొదటి పేరాలో పాత వాక్యమే ఉండిపోవడం చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. ముగింపులో "కొనుగోలు ఏర్పాటు ఉన్న మండలాల్లో, దశలవారీగా" అని రాసి, ప్రారంభంలో "యాసంగి వరిని తక్షణం ఆపాలి" అని ఉంచితే పరీక్షకుడు మొదటిదాన్నే మీ మాటగా తీసుకుంటాడు.

పరీక్ష గదిలో పూట విరామం ఉండదు కాబట్టి గంట సమయాన్ని ఇలా పంచుకోవచ్చు: మొదటి పది నిమిషాల్లో ప్రతిపాదన వాక్యం, మూడు కారణాలు, రెండు అభ్యంతరాలు, వాటికి ఎంచుకున్న దారి చిత్తు కాగితం మీద, తర్వాత నలభై అయిదు నిమిషాలు రాయడానికి, చివరి అయిదు నిమిషాలు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు. అభ్యంతరాలను చిత్తులో రాసుకునే దాకా మొదటి పేరా మొదలుపెట్టకండి, ఎందుకంటే మీ ప్రతిపాదనకు ఎంత హద్దు గీయాలో మీకు చెప్పేది అవే.